బీరువాలో బాలింత

మదనపల్లె చరిత్రను ఎవరైనా సమగ్రంగా రాయదలిస్తే టమాటా యార్డుకు ఒక అధ్యాయం, పట్టుగూళ్ల వ్యాపారానికి ఒక అధ్యాయం ఎలాగూ కేటాయిస్తారు. మూడో అధ్యాయం న్యాయంగా రాజరత్నం గారి బీరువా తలుపుకు దక్కాలి. ఆ తలుపును ఆయన మూయరు. పెళ్లయిన నాటి నుంచి మూయలేదు. సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి గనక దేన్నయినా యుగాలుగా విభజిస్తే తప్ప ఆయనకు తోచదు. తలుపు చరిత్రలో ఇప్పటికి మూడు యుగాలు గడిచాయని ఆయనే చెబుతారు. మొదటిది ఖండన యుగం. అందులో ఆయన ‘నేను మూసినాను’ అని గట్టిగా వాదించేవారు. రెండోది సంధి యుగం. ‘మూసినాననే అనుకుంటాండా’ అనేవారు. ప్రస్తుతం నడుస్తున్నది శాంతి యుగం. ఇందులో ఆయన మూసినాననీ అనరు, మూయలేదనీ అనరు.

ఎదుటి పక్షం ఆయన భార్య సుహాసినమ్మ. వివాదాస్పద ఆస్తి కూడా ఆమెదే. రెండు తలుపుల ఆ చెక్క బీరువా ఆమె పుట్టిల్లు గుర్రంకొండ నుంచి, ఖాళీ టమాటా క్రేట్లతో వస్తున్న లారీలో, క్రేట్ల మధ్య నిలబడి మదనపల్లెకు చేరింది. నడిమింట్లో, వంటింటి గోడకు ఆనించి పెట్టిన రోజు నుంచి అది అక్కడే ఉంది. సుహాసినమ్మ మూస్తే తాళంచెవి తిప్పి మరీ మూస్తారు. అది ఆమెకు ఉద్యోగం నేర్పిన పద్ధతి. ఆయన చేత్తో ఒక తోపు తోసి వెళ్లిపోతారు. కాసేపటికి వచ్చి చూస్తే కుడి తలుపు జానెడు తెరుచుకుని ఉంటుంది.

"ఏమండీ, మళ్లా తెరిచిపెట్టినారు."

"మీ గుర్రంకొండ కోట తలుపులు గూడా ఇట్లే ఉన్నింటాయి. లేకుంటే అంతమంది రాజులు లోపలికి ఎట్ల పోతారు?"

"మా ఊరి కోట జోలికి రావద్దండి. తాళం తిప్పను చేతికి ఏమొచ్చిందో చెప్పండి చాలు."

శాంతి యుగంలో ఇంతకు మించి కాల్పులు ఉండవు.

సుహాసినమ్మ మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో చిన్న నర్సుగా చేరి, ఆ వార్డుకే పెద్ద సిస్టరై రిటైరయ్యారు. ఊళ్లో సగం మందిని పుట్టీ పుట్టగానే తలకిందులుగా పట్టుకుని చూసిన మనిషి. అందుకే ఊరికి ఆమె ముందు కాస్త జంకు. బజారులో ఆమె కనబడితే మీసాలు మెలేసినవాళ్లు కూడా సిగరెట్టు కింద పడేసి చెప్పుతో తొక్కుతారు. ‘సిస్టరమ్మా, నన్ను ఎత్తుకునింది మీరేనంట’ అని ఎవరైనా చేతులు జోడిస్తే, ‘ఎత్తుకోకుండా కింద పడేస్తారా? దేవునికి చెప్పుకోప్పా, నాకు యాల’ అంటూ ముందుకు సాగిపోతారు. కృతజ్ఞతలు పుచ్చుకునే అలవాటు ఆమెకు లేదు. ఇచ్చే అలవాటు కూడా, ఇంట్లోవాళ్ల మటుకు, పెద్దగా కనబడలేదు. ఆమె స్తోత్రాలన్నీ నేరుగా పైకే వెళ్తాయి. దారిలో రాజరత్నం గారి దగ్గర ఆగవు.

ఆ ఇంటికి వచ్చిపోయే పిల్లి ఒకటి ఉండేది. ఒళ్లంతా తెలుపు, నెత్తిన మాత్రం బూడిదరంగు టోపీ పెట్టుకున్నట్టు మచ్చ. పెరటి గోడ దిగి, వంటింటిని తనిఖీ చేసి, ఎవరినీ పలకరించకుండా వెళ్లిపోయేది. ఆ ఠీవి చూసి రాజరత్నం గారు దానికి దొరసాని అని పేరు పెట్టారు. సుహాసినమ్మ ఏ పేరూ పెట్టలేదు. పేరు పెడితే పాలు పెట్టాల్సి వస్తుందన్నది ఆమె వాదన. పాలు మాత్రం పెట్టేవారు.

వసారాలో కట్టిన క్రిస్మస్ నక్షత్రాన్ని ఇంకా దించని రోజులు. చలి గట్టిగా ఉంది. పుంగనూరులో రాజరత్నం గారి మేనల్లుడు జెఫ్రీ పెళ్లి దగ్గరపడింది. ఆ పెళ్లికి వేసుకోవాల్సిన నల్ల కోటును ఎండలో వేద్దామని ఒక శనివారం పొద్దున రాజరత్నం గారు బీరువా దగ్గరికి వెళ్లారు. ఆయన పెళ్లికి పుంగనూరు టైలరు కుట్టిన కోటు అది. అప్పటినుంచి బంధువుల పెళ్లిళ్లన్నింటికీ అదే వెళ్తోంది. ఆయన వెంట వెళ్తారు.

తలుపు యథాప్రకారం జానెడు తెరిచి ఉంది. కోటు హ్యాంగరుకు లేదు. జారి అడుగు అరలో పడింది. కోటు మీద దొరసాని ఉంది. దొరసాని పొట్ట దగ్గర కళ్లు తెరవని నాలుగు శాల్తీలు, ఒక్కోటి చిట్టెలుక పాటి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పాలు తాగుతున్నాయి.

"సుహాసినీ," అని పిలిచారాయన. "నీకు కేసొచ్చిండాది."

ఆమె వచ్చి, వంగి చూశారు. మొదటి మాట చరిత్రకు సంబంధించింది: "తలుపు ఎవరు తెరిచిపెట్టినారు?" రెండో మాట వృత్తికి సంబంధించింది: "పొయ్యి మీద నీళ్లు పెట్టండి."

రిటైరైన తర్వాత ఆమె ముఖంలో అంత వెలుగు ఆయన చూడలేదు. అందుకే అడ్డుచెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

దొరసాని ఒళ్లు విరుచుకుని, పెట్టిన పాలు తాగి, పెరట్లోకి వెళ్లింది. ఆ వ్యవధిలో నడిమింట్లో వార్డు వెలిసింది. పక్కింటి వెంకటేశులు టమాటా యార్డులో మండీ నడుపుతాడు. అతని ముగ్గురు పిల్లలూ సుహాసినమ్మ చేతుల మీద పుట్టినవాళ్లే. కబురందగానే గోడ మీద నుంచి ఒక క్రేటు అందించాడు.

"సిస్టరమ్మా, కడిగిన క్రేటే. ఈసారి ఎన్ని?"

"నాలుగప్పా."

"మా ఇంట్లోదానికి సెప్పొద్దు. మూడుకే నన్ను తిట్టిపోస్తాండాది."

క్రేటులో కొత్త తువ్వాలు పరిచారు. పిల్లల్ని ఒక్కొక్కటిగా గోరువెచ్చని నీళ్లలో ముంచి, బేబీ సబ్బుతో కడిగి, తుడిచి, పౌడరు వేశారు.

"పిల్లి నాకి శుభ్రం చేసుకుంటాదేమో కదా," అన్నారు రాజరత్నం గారు, నీళ్ల చెంబు పట్టుకుని.

"నాకితే శుభ్రమవుతుందా? ఎంతమందిని చూసినాను నేను."

"పిల్లుల్నా?"

"బాలింతల్ని. చెంబు ఇట్లా ఇవ్వండి."

ఆ తర్వాత గాజుగుడ్డ పీలికల మీద అంకెలు రాసి ఒక్కో పిల్ల కాలికి వదులుగా కట్టారు, పిల్లలు మారిపోకుండా. తల్లి ఒక్కతే అయినప్పుడు పిల్లలు ఎవరితో మారిపోతారని రాజరత్నం గారు అడిగారు. రూలు రూలేనని సమాధానం వచ్చింది. ఒకటి, రెండు, మూడు పుష్టిగా ఉన్నాయి. నాలుగో నంబరు మాత్రం మిగతావాటిలో సగమే ఉంది.

చివరగా ఆమె బీరువాలోంచి కోటు తీసి భర్త చేతికిచ్చి, "దీన్ని ఇప్పుడే సబ్బునీళ్లలో నానబెట్టండి, లేకుంటే మరకలు పోవు," అన్నారు. అర తుడిచారు. తలుపు మూసి, తాళం తిప్పి, తాళంచెవి కొంగున ముడేసుకున్నారు. ఇన్నేళ్ల పోరాటంలో అది సంపూర్ణ విజయం.

దొరసాని తిరిగొచ్చింది. క్రేటు దగ్గరికి వెళ్లి ముక్కు పెట్టింది. ఒకటో నంబరును వాసన చూసింది. తుమ్మింది. రెండో నంబరును చూసింది. వెనక్కి రెండడుగులు వేసి, పక్కింటివాళ్ల పిల్లల్ని తనకు అంటగడుతున్నారన్నట్టు సుహాసినమ్మ వైపు ఒక చూపు చూసి, బయటికి నడిచింది.

"వస్తాదిలే," అన్నారు సుహాసినమ్మ.

మధ్యాహ్నమైనా రాలేదు. పిల్లలు మొదట గట్టిగా అరిచాయి. ఆమె వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి క్రేటులో పెట్టారు. కుప్పంలో టీచరుగా ఉన్న కూతురు జాస్మిన్‌కు ఫోన్ చేశారు. జాస్మిన్ తనకు తెలిసిన పశువుల డాక్టరును అడిగి మళ్లీ చేసింది.

"అమ్మా, ఆవుపాలు పోయొద్దంట. వెచ్చగా ఉంచమన్నాడు. తల్లి వస్తే అదే మందంట. రాకుంటే రేప్పొద్దున తీసుకురమ్మన్నాడు. చిన్నది అంతవరకూ తట్టుకోవడం కష్టమే అన్నాడు. అవునా, నువ్వు వాటికి నీళ్లు పోసినావా?"

"పోసినాను."

"పౌడరు గూడానా?"

సుహాసినమ్మ ఫోన్‌ను భర్త చేతికిచ్చేశారు.

ఎండ వాలేసరికి మూడు పిల్లలు మూలుగుతున్నాయి. నాలుగోది మూలగడం కూడా మానేసింది. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండో అరచేయి కప్పి కూర్చున్నారు. ఊపిరాడని బిడ్డల్ని వీపు రుద్ది ఏడిపించిన చేతులు అవి. వాటి కింద ఇంత చిన్న ప్రాణం, అదీ తాను చేసిన మర్యాదల వల్ల, జారిపోతుంటే ఏం చేయాలో ఆ చేతులకు తోచలేదు. రాజరత్నం గారు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. తెలిసిన యుగాలేవీ అక్కరకు రాలేదు.

అప్పుడు దొరసాని వచ్చింది. క్రేటు వైపు కన్నెత్తి చూడలేదు. సూటిగా బీరువా దగ్గరికి వెళ్లి కుడి తలుపును గోకింది. మూసి ఉంది. మళ్లీ గోకింది. తలుపు సందులో ముక్కు దూర్చి, బిడ్డల్ని పిలిచే సన్నటి గొంతుతో పిలిచింది. పిలిచి, చెవులు రిక్కించి నిలబడింది. లోపలి నుంచి జవాబు రాలేదు. పెరట్లోకి వెళ్లిపోయింది.

"బిడ్డల్ని వెతుక్కుంటాండాది," అన్నారు రాజరత్నం గారు మెల్లగా. "మనం చూపించినవి దాని బిడ్డలనుకోలేదు."

సుహాసినమ్మకు వార్డు గుర్తొచ్చింది. పల్లెల నుంచి కాన్పులకు వచ్చేవాళ్ల వెంట వచ్చే ముసలమ్మలు కట్టి ఉతికి మెత్తబడిన పాత చీర ముక్క తెచ్చేవారు. పుట్టిన బిడ్డను కొత్త గుడ్డలో చుట్టకూడదు, ఇంటి మనిషి కట్టిన చీరలోనే చుట్టాలని వాళ్ల పట్టుదల. ఆవిరి పట్టిన ఆసుపత్రి గుడ్డే వాడాలని ఈమె పట్టుదల. ఆదెమ్మ అనే ముసలామె ఒకసారి, ‘నీ గుడ్డ తెల్లగా ఉండాది గానీ సిస్టరమ్మా, అది ఎవురిదో బిడ్డకు తెల్దు కదా’ అని గొణిగింది. మనుషుల విషయంలో తన తీర్పును సుహాసినమ్మ ఈనాటికీ మార్చుకోలేదు. పిల్లుల విషయంలో మాత్రం అప్పీలుకు వీలుందని ఆ క్షణాన ఆమెకు తట్టింది. వెంటనే ఇంకొకటి తట్టింది.

"కోటు," అన్నారు. "దాని వాసనంతా ఆ కోటులోనే ఉన్నింది. సబ్బునీళ్లలో వేయించేసినానే."

రాజరత్నం గారు గొంతు సవరించుకున్నారు.

"ఏమండీ, కోటు యాడుంది?"

"స్నానాలగది తలుపు ఎనక. మేకుకు."

"నానబెట్టలేదా?"

"మధ్యాహ్నం పెడదామనుకున్నా."

"పొద్దున చెప్పినాను కదండీ."

"చెప్పినావు."

"అన్నం తిన్నాక గూడా చెప్పినాను."

"అప్పుడు గూడా చెప్పినావు."

సుహాసినమ్మ ఆయన వంక చూశారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన చేయకుండా వదిలేసిన పనులన్నీ ఒక్కసారిగా ఆమె కళ్ల ముందు కదిలి ఉండాలి. "దేవునికి స్తోత్రం," అన్నారు. తర్వాత ఒక క్షణం ఆగి, "మీకు గూడా," అన్నారు.

రాజరత్నం గారు కోటు కోసం స్నానాలగదికి వెళ్లి, రావాల్సిన దానికన్నా కాస్త ఆలస్యంగా వచ్చారు. కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చారు.

తడిగుడ్డతో పౌడరు తుడిచేశారు. కాళ్ల నంబర్లు విప్పేశారు. కోటు లోపలి బట్టతో నాలుగింటినీ మెత్తగా రుద్దారు, దొరసాని నాలుక రుద్దినట్టే ఉండాలని. వేడినీళ్ల సీసా అడుగున పెట్టి, పైన కోటు పరిచి, పిల్లల్ని పుట్టిన చోటనే పడుకోబెట్టారు. సుహాసినమ్మ కొంగు ముడి విప్పి తాళం తీశారు.

"ఎంత తెరుద్దామండీ?"

"పొద్దున ఎంతుండిందో అంత."

"అయితే మీరే తెరవండి. మీకు అలవాటు."

ఆయన తలుపును వేలితో తాకి వదిలారు. అది తన చోటు తనకు తెలిసినట్టు జానెడు దగ్గర వచ్చి ఆగింది.

ఇద్దరూ వసారాలోకి వచ్చి నక్షత్రం కింద మెట్ల మీద కూర్చున్నారు. దేనికి కూర్చున్నారో తెలుసుకోవడానికి వెంకటేశులు వచ్చి, తెలుసుకుని, తనూ కూర్చున్నాడు.

"సిస్టరమ్మా, మా మూడోవాడు పుట్టినప్పుడు నేను ఇట్లే మెట్ల మింద కూసోనుంటి. ఎన్నిసార్లు అడిగినా ‘గమ్మునుండప్పా’ అంటా ఉంటివి."

"గమ్మునుండప్పా," అన్నారు సుహాసినమ్మ.

వీధి దీపాలు వెలిగే వేళకు గోడ మీద తెల్లగా ఏదో కదిలింది. దొరసాని దిగింది. ముగ్గురినీ దాటుకుంటూ లోపలికి నడిచింది. వంటింటిని తనిఖీ చేయలేదు. నడిమింట్లోంచి ఆ సన్నటి పిలుపు వినిపించింది. ఈసారి దానికి జవాబు కూడా వినిపించింది, బలహీనంగా, ఒకటికి రెండు గొంతులు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

చాలాసేపటికి సుహాసినమ్మ చెప్పులు విడిచి, మునివేళ్ల మీద లోపలికి వెళ్లి, అలాగే తిరిగొచ్చారు.

"తాగతాండాయి."

"చిన్నది?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"దాన్నే ముందు దగ్గరికి లాక్కునింది. ఇప్పుడు అదే గట్టిగా తాగతాండాది."

రాజరత్నం గారి ప్రార్థన మామూలుగా అన్నం చల్లారేదాకా సాగుతుంది. ఇశ్రాయేలీయుల ప్రయాణం నుంచి జిల్లా కలెక్టరు ఆరోగ్యం దాకా అందులో అన్నీ వస్తాయి. ఆరోజు ఆయన కళ్లు మూసుకుని, "స్తోత్రం తండ్రీ, ఆమెన్," అన్నారు. వెంకటేశులు కూడా తన దేవుణ్ణి తలుచుకుని, చివర ‘ఆమెన్’ అనే అన్నాడు.

మరునాడు ఆదివారం. వాళ్ల చర్చి సంఘంలో మేలు పొందినవాళ్లు కారణం రాసిన కవరులో స్తోత్ర కానుక వేస్తారు, పాస్టరు గారు దాన్ని అందరి ముందూ చదువుతారు. రాజరత్నం గారు కవరు మీద సంక్షిప్తంగా రాశారు. పాస్టరు గారు ఉన్నదున్నట్టు చదివారు: "రాజరత్నం గారు, సుహాసినమ్మ గారు, తమ గృహములో జరిగిన సుఖప్రసవము నిమిత్తము." సంఘమంతా వెనక్కి తిరిగి, షష్టిపూర్తి దాటిన ఆ దంపతుల వంక చూసింది. సుహాసినమ్మ కళ్లు దించకుండా కూర్చున్నారు. రాజరత్నం గారు పాటల పుస్తకం తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. గుడి బయట ఆమె విషయం మొత్తం, సబ్బు, పౌడరుతో సహా, ఎవరు అడిగితే వాళ్లకు చెప్పారు.

జెఫ్రీ పెళ్లికి రాజరత్నం గారు స్వెటరుతో వెళ్లారు. కోటు డ్యూటీలో ఉందన్నారు.

అక్కడి నుంచి తలుపు చరిత్రలో నాలుగో యుగం మొదలైంది. స్త్రీల కూడికలో సుహాసినమ్మ సాక్ష్యం చెబుతూ, దేవుడు మనిషిలోని మంచినే కాదు, బద్ధకాన్ని కూడా ముందే చూసి ఉంచుతాడని, ఒక మనిషి తలుపు మూయకపోవడం వెనక ఇన్నేళ్ల దైవసంకల్పం ఉందని అన్నారు. పాస్టరు గారు ఆ మాటను ప్రసంగంలో వాడుకున్నారు. బజారులో ఎవరైనా చేతులు జోడిస్తే ఇప్పుడు ఆమె ఆగి, ‘సంతోషమప్పా, పిల్లలు బాగుండారా’ అని అడుగుతున్నారు. ఇంట్లో రోజూ రెండు మూడుసార్లయినా ‘మీరు ఆరోజు నానబెట్టింటే’ అని మొదలుపెట్టి, వాక్యం పూర్తి చేయకుండా కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెడుతున్నారు. బీరువా తలుపును ఆమె కూడా ఇక మూయడం లేదు. మూయనివ్వడమూ లేదు. రాజరత్నం గారు దీన్ని కీర్తి యుగమన్నారు. వచ్చిన చుట్టాలకు తలుపును చూపిస్తూ, తనకున్న ఈ అలవాటు వంశపారంపర్యం కాదని, స్వయంకృషి అని వివరించసాగారు.

పిల్లలు కళ్లు తెరిచాయి, నడిచాయి, క్రిస్మస్ నక్షత్రాన్ని పీకి చింపాయి. ఒకటో నంబరు బుట్టలో కూర్చుని జాస్మిన్‌తో బస్సెక్కి కుప్పం వెళ్లింది. రెండోది పుంగనూరుకు, కొత్త దంపతులకు ఆలస్యపు పెళ్లికానుకగా. మూడోది వెంకటేశులు మండీలో ఎలుకల శాఖ చూసుకుంటోంది. దొరసాని తన తనిఖీలకు తాను పోయింది. నాలుగోది ఇక్కడే ఉండిపోయింది. నంబరు విప్పేసినా దాని పేరు నాలుగే.

మొన్నొక రోజు నాలుగు బీరువా వెనక సందులో దూరి, బయటికి రాలేక అరిచింది. వెంకటేశులును పిలిచారు. ఇద్దరు మగవాళ్లూ చెరో పక్కన పట్టి, పుట్టింటి నుంచి వచ్చిన నాటి తర్వాత మొదటిసారి, ఆ బీరువాను అవతలి గోడకు జరిపారు. నాలుగు బూజుతో సహా బయటికొచ్చి సుహాసినమ్మ ఒళ్లో చేరింది. ఊగుతున్న కుడి తలుపును రాజరత్నం గారు ఎప్పటిలాగే చేత్తో ఒక తోపు తోసి, చేతులు దులుపుకున్నారు. అది జానెడు తెరుచుకోవడం కోసం ముగ్గురూ కాసేపు నిలబడి చూశారు.

పాత చోట నేల వంటింటి తూము వైపు వాలుగా ఉంది. ఇక్కడ సమంగా ఉంది. తలుపు తెరుచుకోలేదు.